గుండు ఇల్లు

ఆ కొండవాలు వీధిలో మారుపేరున్న ఇల్లు ఒక్కటే. దాన్ని గుండు ఇల్లు అనేవారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఒంటినిండా తీగలు కప్పుకుని, గుమ్మాల్లో పూలకుండీలు బారులు తీర్చుకుని, చూరు మీదికి కొమ్మలు వాల్చుకుని పెళ్ళివారిళ్ళలా కళకళలాడుతుంటే, నడుమ ఈ ఇల్లొక్కటే అప్పుడే మంగలి కుర్చీలోంచి లేచి వచ్చినట్టుండేది. గోడల చుట్టూ ఉత్త కంకర. ఆ కంకర మీద ఆకు రాలితే రాలిన పూటే మాయం. పెరట్లో చెట్లకు మనిషెత్తు దాకా కొమ్మలు లేవు. ఒక్క తీగ కూడా గోడను తాకిన పాపాన పోలేదు.

ఆ ఇంటావిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఆవిడకు పాములంటే భయం. ఎంత భయమంటే, మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం గడ్డిలో వంకర తిరిగి పడున్నా ఆవిడ పెట్టే కేక వీధి చివరిదాకా వినబడేది. కంకర పోయించింది అందుకే, పాము పాకితే చప్పుడవుతుందని. కొమ్మలు కొట్టించింది అందుకే, ఎక్కి ఇంట్లోకి దూకుతుందని. చివరికి పెంకుల కింద అటకకు గాలి ఆడే కన్నాలు కూడా వదలకుండా మెష్ వేయించడానికి మెష్ బాబాయ్‌ని పిలిపించింది.

కిటికీల్లోంచి దోమలు రాకుండా మెష్ బిగించడం మెష్ బాబాయ్ పని. స్కూటర్ వెనక మెష్ చుట్టలు, ముందు రేకు కత్తెరా, మెష్ అంచును పట్టి ఉంచే రబ్బరు బీడింగును నొక్కే చిన్న చక్రమూ ఉన్న సంచీ, ఇంతే ఆయన దుకాణం. ఊళ్ళో సగం కిటికీలు ఆయన చేతి మీదుగా పోయినవే. కిటికీ పనివాడికి ఒక సౌకర్యం ఉంది. ఇంటి లోపలా కనిపిస్తుంది, బయటా కనిపిస్తుంది, ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో కూడా తెలిసిపోతుంది. పైగా మాటకారి. ఒక ఇంటి కబురు ఇంకో ఇంటికి చేరేలోపు దానికి కాస్త ఉప్పూ కారం తగలకుండా ఉండేవి కావు.

"ప్లాస్టిక్ మెష్ వద్దు, స్టీలుదే కావాలి," అంది టీచరు.

"అంత ఎత్తుకి దోమలే సరిగ్గా రావండీ, స్టీలెందుకు దండగ?"

"ప్లాస్టిక్‌ని ఎలుక కొరుకుతుంది. ఎలుక లోపలికొస్తే దాని కోసం పాము వస్తుంది. నువ్వు భోజనం ఉన్నచోటికి పోవూ?"

బాబాయ్ నిచ్చెన మీద నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థా పడ్డాడు. కిందికి దిగాక ఆపుకోలేదు. ఆ సాయంత్రానికి 'పాముకు భోజనం' కబురు ఊరంతా పాకింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన అక్క.

అక్క ఇల్లు వీధి పైచివర, అడవి మొదలయ్యే చోట. దానికి మారుపేరు లేదు గానీ పేరు మాత్రం బాగా ఉంది. ఆ ఇంటి గోడ ఏ రంగుదో ఎవరికీ తెలియదు, కాగితప్పూల తీగ కింద దాక్కుని ఉండేది. వాకిట్లో పందిరి, పందిరి కింద రాలిన పూల పరుపు, వరండాలో ఇనప గొలుసులతో వేలాడే పేము ఊయల. పెళ్ళి కుదిరిన జంటలు ఆ ఊయలలో కూర్చుని ఫొటోలు తీయించుకోవడానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఆ తోటే అక్కకు బతుకుతెరువు. ఆమె మొగుడు మోకాళ్ళ నొప్పులతో ఉద్యోగం మానేశాక ఇల్లు నడిచింది ఆ ఊయల మీదే.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది కూడా ఆ అక్కే. పెంచిందంటే చంకనేసుకుని ముద్దులాడిందని కాదు. తిట్టింది, కొట్టింది, పని నేర్పించింది, పెళ్ళి చేసింది. ఆ హక్కుతో యాభై దాటినవాణ్ణి కూడా నలుగురిలో 'ఒరేయ్' అని పిలిచేది.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఎండలు ముదిరేసరికి కొండ అవతల అడవి అంటుకుందన్నారు. రాత్రుళ్ళు కొండ వీపు మీద ఎర్రటి జరీ అంచులా కనిపించేది. జనం డాబాలెక్కి చూసి, అవతల కదా అనుకుని దిగిపోయేవారు.

గాలి తిరిగిన రోజున బాబాయ్ టైలరు దంపతుల ఇంట్లో కిటికీకి మెష్ బిగిస్తున్నాడు. చేతిలో పని సగంలో ఉండగా వెలుతురు రంగు మారింది. మధ్యాహ్నమే, అయినా గదిలో పసుపు కలిపిన పొద్దుగూకు కాంతి. పిట్టల చప్పుడు ఆగిపోయింది. వీధిదీపాలు చీకటి పడిందనుకుని వాటంతటవే వెలిగాయి. కింద జీపులోంచి మైకు అరుస్తోంది, అందరూ ఇళ్ళు ఖాళీ చేసి స్కూలు మైదానానికి వెళ్ళిపోవాలని.

"బాబాయ్, ఓ చెయ్యి వెయ్యి!" అని టైలరు కేకేశాడు.

వేశాడు. వాకిట్లో ఉన్న పేము కుర్చీలు, పీచు పట్టలు, కట్టెల మోపు, కుట్టాల్సిన బట్టల మూటలు, అన్నీ ఇద్దరూ కలిసి వరండాలో గోడకు చేర్చారు. పైన ఒక దుప్పటి కప్పారు. ఆ ఇల్లే కాదు, వీధంతా ఆ పనిలోనే ఉంది. పిల్లలకోడి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కున్నట్టు ప్రతి ఇల్లూ తన సామాను గోడ దగ్గరికి లాక్కుంది. దగ్గరగా ఉంటే భద్రమని మనిషికి ఎవరు నేర్పారో గానీ, ఆ వేళ అందరికీ అదే తోచింది. గుండు ఇంటావిడ మాత్రం తాళం వేసి చేతిసంచీతో అప్పటికే దిగిపోయింది. లాక్కోవడానికి ఆవిడ వాకిట్లో ఏమీ లేదు మరి.

టైలరు దంపతులు వెళ్ళిపోయారు. బాబాయ్ స్కూటర్ మొరాయించింది. తంతూ ఉండగా చప్పుడు వినిపించింది. గూడ్సు రైలు వంతెన మీద పోతున్న చప్పుడు. ఆ ఊరికి రైలు లేదు.

తలెత్తి చూశాడు. మంట అంటే గోడలా ముందుకొస్తుందని అంతవరకూ ఆయన అనుకున్నాడు. మంట ఇంకా కొండ మీదే, చాలా దూరాన ఉంది. దాని ముందు ఇంకేదో వస్తోంది. ఆకాశంలో సగం మేర, పొగలో ఈదుకుంటూ, కొన్ని వేల నిప్పురవ్వలు. బియ్యపు గింజంతవి కొన్ని, అగ్గిపెట్టెంత చెక్కముక్కలు కొన్ని. హడావుడి లేదు. గాలి మోసినంతసేపు మోయించుకుని, తీరిగ్గా, ఎవరింటికి వెళ్దామా అన్నట్టు దిగుతున్నాయి. భయపడాలని కూడా తోచలేదు ఆయనకు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. జన్మలో అంత అందమైనది, అంత నిర్దయగా ఉన్నది చూడలేదని తరవాత వందసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గర గొంతు తగ్గేది.

ఒక రవ్వ తారు రోడ్డు మీద పడి, అటూ ఇటూ దొర్లి, నల్లబడి చచ్చిపోయింది. ఇంకోటి రేకు మీద టప్పున పడి జారిపోయింది. మూడోది టైలరు గారి వరండాలోకి దూరి, దుప్పటి మడతలో కుదురుగా కూర్చుంది. ఆరలేదు. కన్ను మూసి తెరిచినట్టు ఒకసారి మసకబారి మళ్ళీ ఎర్రబడింది. దాని పక్కన సన్నటి పొగ లేచింది.

స్కూటర్ అప్పుడు స్టార్టయింది. బాబాయ్ వాలు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ పైకి వెళ్ళనిచ్చేసరికి వీధి వీధిలా లేదు. ఇళ్ళున్న చోట నల్లటి గదుల గుర్తులు. టైలరు గారి కుట్టుమిషన్ ఇనప కాళ్ళ మీద ఒంటరిగా నిలబడి ఉంది. ప్రాణాలు ఎవరివీ పోలేదు, అదొక్కటే అదృష్టం. పైచివర అక్క ఇల్లు మిగిలింది. ఆ రోజు గాలి దాని పక్కనుంచి మలుపు తిరిగిందని, అంతకంటే కారణం లేదని అగ్నిమాపక ఆఫీసరమ్మ చెప్పింది.

నడివీధిలో, రెండు వైపులా బూడిద కుప్పల మధ్య, గుండు ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. తెల్ల గోడ మీద మసి చారలు తప్ప ఇంకేం లేదు.

బాబాయ్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నిచ్చెన వేసుకుని అటక కన్నం దగ్గరికి ఎక్కాడు. స్టీలు మెష్ బయటి వైపు, దీపం కింద రాలిన పురుగుల్లా, ఆరిపోయిన రవ్వలు గుప్పెడు పేరుకుని ఉన్నాయి. ప్రతిదీ లోపలికి రావడానికే వచ్చింది. కన్నంలోంచి తొంగి చూశాడు. లోపల ఎండు చెక్క దూలాలు, పాత పరీక్ష కాగితాల కట్టలు. ఒక్క రవ్వ చాలును. తన చేత్తో, నవ్వుకుంటూ బిగించిన జాలీ అది. వేలితో ఒక రవ్వను తాకాడు. పొడి అయిపోయింది. 

"మెష్ ఎక్కడైనా ఊడిందా?" అని కిందినుంచి టీచరు అడిగింది.

"లేదమ్మా. నడివీధిలో మీ ఇల్లొక్కటే మిగిలింది. మీరు... మీరు అసలు ఇదంతా..."

"అడవి కాలిపోయింది కదయ్యా, అందులో పాములన్నీ ఎక్కడికెళ్తాయి? ఇటే కదా! త్వరగా చూసి చెప్పు."

ఆఫీసరమ్మ ఆ ఇంటి చుట్టూ నిదానంగా తిరిగి వచ్చి, కంకర మీద ఆరిపోయిన రవ్వల్ని బూటు కొనతో చూపించింది.

"మంటలు మింగేశాయని అందరూ అంటున్నారు. మంట ఈ వీధిదాకా రానే లేదు. రవ్వలొచ్చాయి. రవ్వ చాలా చిన్నది, దానికి తిండి పెట్టే చెయ్యి ఒకటి కావాలి. మీ వీధిలో ప్రతి వరండా పెట్టింది. ఈ ఇల్లు పెట్టలేదు."

బాబాయ్‌కి వరండాలో తను కప్పిన దుప్పటి గుర్తొచ్చింది. ఆమెతో అన్నాడు కూడా. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. "ఈ సంగతి అందరికీ చెప్పేవాళ్ళు కావాలి. నేను యూనిఫాంలో చెప్తే తలలూపి పంపిస్తారు. మీరు ఇళ్ళ లోపలికి వెళ్తారు కదా?" అంది.

ఆ రోజు నుంచి మెష్ బాబాయ్ కాళ్ళకు బలపం కట్టుకున్నాడు. ఆఫీసరమ్మ దగ్గర కూర్చుని అడిగినవే మళ్ళీ అడిగి నేర్చుకున్నాడు. ఇంటి గోడ చుట్టూ రెండు బారల మేర కాలేదేదీ ఉండకూడదు. చూరు నీళ్ళు పట్టే రేకు కాలవలో ఎండుటాకులు తీసెయ్యాలి. చెట్టుకీ పొదకీ, పొదకీ గోడకీ ఎడం ఉండాలి. కింది కొమ్మలు కొట్టెయ్యాలి, లేకపోతే నేల మీది మంటకు అవి నిచ్చెన మెట్లవుతాయి. కన్నాలకు సన్నటి ఇనప జాలీ వెయ్యాలి. ఒక్క కిటికీ బిగించడానికి వెళ్ళినవాడు ఇల్లంతా చుట్టి వచ్చి, గోడకు ఆనించిన కట్టెలు చూపించి, ఇంటివాళ్ళు విసుక్కునేదాకా వదిలేవాడు కాదు.

"దోమలు ఆపమని పిలిస్తే మా మల్లెపొద పీకమంటాడేంటి!" అని ఒకావిడ తలుపేసుకుంది. ఇంకో ఇంట్లో పెద్దాయన మాత్రం శ్రద్ధగా విన్నాడు, చివర్లో "ఇంతకీ కిటికీ ఎప్పటికవుతుంది?" అన్నాడు.

ఇంట్లో భార్య ఊరుకుంటుందా? "ఏవండీ, మీకు పనిచ్చేవాళ్ళు తగ్గిపోయి, మిమ్మల్ని చూసి దాక్కునేవాళ్ళు ఎక్కువయ్యారు. రవ్వల్ని ఆపడం తరవాత, పొయ్యి ఆరకుండా చూడండి ముందు," అంది. అంటూనే, పెరటి గోడకు ఆనించి ఉన్న పాత చాపల్ని ఆ సాయంత్రమే దూరంగా ఈడ్చేసింది. అది ఆయన చూశాడని ఆమెకు తెలియదు.

స్కూలు హాల్లో మీటింగు పెట్టి, ఆఫీసరమ్మ ఆయన్ని మాట్లాడమంది. బాబాయ్ రెండు మెష్ ముక్కలు, ఒక కొవ్వొత్తి పట్టుకెళ్ళాడు. ప్లాస్టిక్ ముక్కను మంట దగ్గరికి తెస్తే అది ముడుచుకుని, కరిగి, పెద్ద కన్నమై ఊరుకుంది. స్టీలు ముక్క ఎర్రబడింది, అంతే. హాలు గుడ్లప్పగించి చూసింది. తరవాత రవ్వలు దిగిన సంగతి చెప్పాడు. టైలరు భార్య కళ్ళొత్తుకుంది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఎప్పుడూ తగలని మనిషి కావడంతో అవి నేరుగా తలకెక్కాయి.

"మరి ఈసారి వస్తే ముందు ఏ ఇల్లు అంటుకుంటుంది బాబాయ్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఇంకెవరిది, మా అక్కదే!" అన్నాడు ఆయన, ఆలోచించకుండా. "గోడకు తీగ, తీగ కింద ఎండుటాకుల పరుపు, వరండాలో పేము ఊయల. నిప్పుకి విందు భోజనం అది. గాలి అటు తిరిగితే చాలు."

హాలంతా నవ్వింది. ముందు వరసలో అక్క లేచింది. పమిట సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా, మధ్యదారిలో నడుచుకుంటూ బయటికి పోయింది.

నవ్వుకున్నవాళ్ళు ఇళ్ళకెళ్ళి మర్చిపోలేదు. నిప్పుకి విందు భోజనం అన్న మాట ఈసారి బాబాయ్ మొయ్యకుండానే పక్క ఊళ్ళకు చేరింది. ఫొటోలకు వస్తామన్న జంటలు వేరే తోటలు వెతుక్కున్నాయి. ఊయల ఖాళీగా ఊగింది.

బాబాయ్ అరుగు ఎక్కితే అక్క లోపలికి పోయేది. ఆమె బదులు బావ బయటికొచ్చేవాడు. మోకాళ్ళు వంగవు గానీ ఆయన నాలుక బాగానే వంగుతుంది.

"మీ అక్క నీకో మాట చెప్పమంది."

"చెప్పు బావా."

"వాడు ఊరందరి కిటికీలకీ మెష్ వేస్తాడు గానీ, వాడి నోటికి వేసుకోలేడా, అంది."

బాబాయ్ తల దించుకున్నాడు. తను చెప్పింది తప్పు కాదు, అదే ఆయన్ని ఎక్కువ తినేసింది. అక్క తోట పోతే బతుకు పోతుంది. తోట ఉంటే ఇల్లే పోతుంది. ఎటూ చెప్పలేక చెప్పగలిగినదల్లా ఒకటే. "తీసెయ్యమను బావా. దయచేసి తీసెయ్యమను."

లోపలినుంచి అక్క గొంతు, గోడతో మాట్లాడుతున్నట్టు. "గుండు కొట్టడం ఎంతసేపు? గుండు ఇంటి ముందు నిలబడి ఏ పెళ్ళికూతురు ఫొటో తీయించుకుంటుందో కూడా చెప్పమనండి. తీసెయ్యి తీసెయ్యి అని తిరుగుతున్నాడు, తీసేసిన చోట ఏం పెట్టుకోవాలో ఒక్కరికైనా చెప్పాడా?"

చెప్పలేదు. ఇన్ని ఇళ్ళు తిరిగినా ఆ ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. ఇళ్ళవాళ్ళు తలుపులెందుకు వేసుకుంటున్నారో మొదటిసారి అర్థమైంది. ఉన్నది పీకమనేవాణ్ణి ఎవరు లోపలికి రానిస్తారు? బాబాయ్ అరుగు దిగొచ్చేశాడు.

అక్క గుండు ఇంటికి వెళ్ళిందని కొన్నాళ్ళకు టీచరే చెప్పింది. "మీ అక్క వచ్చి పొద్దున్నంతా నా కంకర మీద కుర్చీ వేసుకు కూచుంది. ఏమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, మీకు కొండ ఎంత బాగా కనిపిస్తుందండీ అని వెళ్ళింది. నాకు ఇన్నేళ్ళలో కొండ వైపు చూడాలనే తోచలేదు, నేల చూసుకోవడంతోనే సరిపోయింది."

ఆ తరవాత పైచివర ఇంట్లో పని మొదలైంది. అక్క ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికైతే అసలే చెప్పలేదు. కాగితప్పూల తీగ దిగింది. గోడ నీలం రంగుదని ఊరికి తెలిసింది. పందిరి ఇంటి దగ్గర్నుంచి లేచి వెళ్ళి తోట ఆ చివర, అన్నిటికీ దూరంగా కూర్చుంది. గోడ చుట్టూ కంకర పరిచింది. అయితే టీచరు గారి కంకర లాంటిది కాదు. ఏటి రాళ్ళు, బూడిద రంగువి, తెల్లవి, తుప్పు రంగువి, వంపులు తిరిగే దారులుగా పేర్చింది. దారుల మధ్య దూరం దూరంగా, నీళ్ళు దాచుకునే గుజ్జాకుల మొక్కలు, చెయ్యి వేస్తే చల్లగా ఉండేవి. తీగలు పోయాక వాటి వెనక ఇన్నాళ్ళూ దాక్కున్నది బయటపడింది. కొండ మొత్తం, పాదం నుంచి శిఖరం దాకా, వాకిట్లోకి వచ్చి నిలబడినట్టు. సగం కాలి నల్లబడి, ఆ నలుపులోంచి పచ్చటి చిగుళ్ళు లేస్తున్న కొండ. ఫొటోలు తీసేవాళ్ళలో ఒకడు దారి తప్పినట్టు వచ్చి, చూసి, కెమెరా తియ్యడం మర్చిపోయి నిలబడ్డాడట. జంటలు మళ్ళీ రావడం మొదలెట్టాయి.

అటక కన్నాల విషయంలో కూడా రాయబారం బావదే. "వేస్తే వెయ్యమంది. మాట్లాడకుండా వెయ్యమంది."

బాబాయ్ మాట్లాడకుండానే వేశాడు. దిగుతూ వరండాలోకి చూశాడు. ఊయల అక్కడే ఉంది. పేము, దాని మీద దూది దిండ్లు, గోడకు మూరెడు ఎడంలో. "బావా, ఆ ఊయల..." అన్నాడు.

"అది కదిలిస్తే నన్ను కూడా కదిలించాలందిరా," అన్నాడు బావ మెల్లగా. అక్క తలుపు చాటునే ఉంది. 

ఇంకో ఎండాకాలం వచ్చింది. ఈసారి అడవి ఇవతలి వైపు, మునుపు కాలకుండా మిగిలిన సగం అంటుకుంది. గాలి తిన్నగా పైచివరకే. మైకు మొదలయ్యేసరికి బాబాయ్ కింద వీధిలో ఉన్నాడు. జనమంతా దిగుతుంటే ఆయన స్కూటర్ ఒక్కటే ఎదురెక్కింది. మళ్ళీ అదే పసుపు వెలుతురు, అదే రైలు చప్పుడు. దారిలో పాత ఇళ్ళ ముందూ, కాలాక మళ్ళీ కట్టుకున్న ఇళ్ళ ముందూ ఈసారి వరండాలు ఖాళీగా ఉన్నాయి, కుర్చీలు వాకిళ్ళ చివరల్లో, పట్టలు రోడ్డు పక్కన. తలుపేసుకున్న ఆవిడ కూడా కట్టెల మోపు ఈడ్చేసి వెళ్ళింది. అందరూ కాదు గానీ చాలామంది. 

అక్క ఇంటి ముందు కారు స్టార్ట్ చేసి ఉంది. లోపల బావ స్టీరింగ్ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"అక్కేది?"

"రానంటోందిరా! నా మాట వినడం లేదు, నువ్వు చూడు!"

వరండాలో అక్క స్టూలెక్కి నిలబడి ఉంది. నోట్లో కొంగు, రెండు చేతులతో ఊయల గొలుసును దూలం కొక్కెంలోంచి పైకి ఎత్తుతోంది. ఒక వైపు అప్పటికే తీసేసింది. ఊయల ఒంటి గొలుసు మీద వంగి వేలాడుతోంది. తమ్ముణ్ణి చూసింది. కొంగు ఊసేసింది.

"చూస్తావేంట్రా, పట్టు!"

ఏడాది తరవాత నేరుగా ఆయనతో అన్న మొదటి మాట అది. పట్టాడు. ఇద్దరూ ఊయలను, దిండ్లతో సహా, ఈడ్చుకుంటూ మోసుకుంటూ వరండా దింపారు. వాకిట్లో మొదటి రవ్వలు దిగుతున్నాయి. కంకర మీద పడి, దొర్లి, ఆరిపోతున్నాయి.

"ఇక్కడ చాలక్కా, వదిలెయ్!"

"చాలదు. దూరం, ఇంకా దూరం. నువ్వే కదా మొరిగావు అందరి ముందు!"

ఏటి రాళ్ళ దారి మధ్యలో, ఇంటికీ పందిరికీ సగం దూరంలో దాన్ని దింపి పరుగెత్తారు.

మర్నాడు పొద్దున ఆఫీసరమ్మ జీపు వెనకే పైకెళ్ళారు. వీధిలో నాలుగిళ్ళు పోయాయి. వాటిలో ఒకటి బాబాయ్ చెప్పినవన్నీ అక్షరాలా చేసిన ఇల్లు. "హామీ నేనివ్వలేను, ఎవరూ ఇవ్వలేరు," అంది ఆఫీసరమ్మ, ఆయన మొహం చూసి. "పోయినసారి ఎన్ని మిగిలాయో గుర్తు చేసుకోండి."

మలుపు తిరిగాక అక్క ఇల్లు కనిపించింది. నీలం గోడ. పెంకులు, తలుపులు, కిటికీ అద్దాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. తోట చివర పందిరి లేదు. అడవి వైపు కంచె లేదు. కొండ మీద నుంచి నలుపు దిగి, తోటలోకి వచ్చి, రాళ్ళ దారి అంచున గీత గీసినట్టు ఆగిపోయింది. మనుషులెవరూ అక్కడ నిలబడి ఆపలేదు. నీళ్ళు పోసినవాళ్ళు లేరు. అంత పెద్ద అడవిని తినేసినది, తినడానికి ఏమీ కనిపించక, గులకరాళ్ళ ముందు తల దించుకుని వెనక్కి తిరిగింది. 

దారి మధ్యలో గుండ్రంగా తెల్లటి బూడిద. అందులో రెండు ఇనప గొలుసులు, పడుకున్నట్టు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఊయల ఒంటరిగా, ఎవరినీ తనతో తీసుకుపోకుండా కాలిపోయింది.

బాబాయ్ నిచ్చెన వేసుకుని అటక కన్నాలు చూసొచ్చాడు. జాలీ నిండా రవ్వలు. దులపలేదు, అక్కకు చూపించాలని అలాగే ఉంచాడు. దిగేసరికి అక్క బూడిద దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. వరండాలో ఖాళీ కొక్కేల వైపు చూసింది. కొక్కేల నుంచి గోడకున్న మూరెడు ఎడాన్ని చూసింది. మళ్ళీ బూడిదను చూసింది. అది నిన్న అక్కడే ఉండి ఉంటే అన్న లెక్క ఆమె మొహంలో స్పష్టంగా జరిగింది. కొంగు చేతికి చుట్టుకుని గొలుసులు పైకెత్తింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి కాబోలు, ఒకసారి చెయ్యి మార్చుకుంది.

"మళ్ళీ మీటింగు ఎప్పుడ్రా?"

"వచ్చేవారమేమో. ఎందుకక్కా?"

"ఈసారి మా ఇంటి సంగతి నేనే చెప్తా. నువ్వు ఈ గొలుసులు పట్టుకుని పక్కన నిలబడు. నోరు తెరిచావో, చూడు."

బాబాయ్‌కి చెప్పాలనిపించింది చాలా ఉంది. జాలీలో రవ్వల గురించి, గీత గీసినట్టు ఆగిన నలుపు గురించి, దారిలో చూసిన ఖాళీ వరండాల గురించి. తలూపి, గొలుసులు అందుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి.

"మొత్తానికి నోటికి పడిందే మెష్," అన్నాడు కారులోంచి బావ.